చింతపండూ లక్కా: వీధి తలుపు ఇత్తడి కథ

పాత ఇంటి వీధి తలుపుకున్న గొళ్ళెం చూసి చాలామంది ఇనుపదే అనుకుంటారు. ఇంటికి రంగులు వేసిన ప్రతిసారీ తలుపుతో పాటు దానికీ ఒక పూత పడి ఉంటుంది. పైన చాక్లెట్ రంగు, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద ఎప్పటిదో నీలం. వెనకవైపు ఎవరికీ కనిపించని మూలలో చాకు మొనతో కాస్త గీకితే అప్పుడు పసుపుపచ్చటి లోహం తొంగి చూస్తుంది. అయస్కాంతం దగ్గర పెడితే అంటుకోదు. అంటుకుందంటే అది ఇనుము మీద ఇత్తడి పూత మాత్రమే, దాని దారి వేరు.

ఇంత ఖరీదైన లోహం మీద రంగు ఎందుకు పూశారు? తోమే మనిషి లేక. ఇత్తడి గొళ్ళెం, ఇత్తడి గుబ్బలు, ఇత్తడి పిడి పెట్టించుకోవడమంటే ఇంటికి ఒక కొత్త పని తెచ్చుకోవడమే. శుక్రవారం గడపకు పసుపు రాసిన చేతే తలుపు మీది ఇత్తడినీ తోమాలి. వానాకాలం నాలుగు రోజులు వదిలేస్తే అది గోధుమ రంగుకు తిరుగుతుంది, నెలలు వదిలేస్తే నల్లబడుతుంది, తడి నిలిచే సందుల్లో పచ్చగా చిలుము పడుతుంది. ఆ చాకిరీకి మనిషి కరువైన ఏడాదే తలుపు మీద మొదటి పూత పడి ఉంటుంది. కాబట్టి తలుపు ఇత్తడి చరిత్ర చెప్పాలంటే దాన్ని పోతపోసినవాళ్ళ సంగతి ఒక్కటీ చాలదు. ఏ కాలంలో దేనితో తోమారు, తోమనక్కర్లేకుండా చెయ్యాలని ఎవరెవరు ఏం ప్రయత్నించారు అన్నది అందులో పెద్ద భాగం. నేడు ఇంట్లో పాత గొళ్ళెం బాగుచేసుకోవాలనుకునేవారికి అక్కరకొచ్చేదీ ఆ భాగమే.

రాగిలో తుత్తునాగం కలిస్తే ఇత్తడి. చెప్పడం తేలికే గానీ కలపడం అంత తేలిక కాదు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తుత్తునాగం 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. అంటే ఖనిజం నుంచి దాన్ని తీద్దామని కొలిమి రాజేస్తే లోహం చేతికి చిక్కకుండా పొగలో కలిసిపోతుంది. అందుకే ప్రాచీనులు తుత్తునాగాన్ని విడిగా చూడకుండానే ఇత్తడి చేశారు. రాగి ముక్కల్ని, తుత్తునాగం ఖనిజాన్ని, బొగ్గును మూసిన మూసలో పెట్టి కాల్చేవారు. లేచిన ఆవిరి రాగిలోకే ఇంకేది. ఈ పద్ధతిలో తుత్తునాగం సుమారు 30 శాతానికి మించి ఎక్కేది కాదు.

ఆవిరిని పట్టి చల్లార్చి లోహంగా దించే విద్యను భారీ ఎత్తున సాధించిన చోటు రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి జావర్. మట్టితో చేసిన వంకాయ ఆకారపు మూసలను తలకిందులుగా బోర్లించి, పైన మంట పెట్టి, కింద గొట్టంలోకి దిగిన ఆవిరిని చల్లబరిచి లోహాన్ని పట్టేవారు. రసరత్న సముచ్చయం వంటి రసశాస్త్ర గ్రంథాల్లో ఈ పద్ధతి ప్రస్తావన ఉంది. 1980లలో అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు బారులు తీరిన కొలుములు వాడిన మూసలతో సహా బయటపడ్డాయి. ఆ ఊళ్ళోవాళ్ళు పాత మూసలను ఇటుకల్లాగా పేర్చి ఇంటి గోడలు కట్టుకున్నారు. యూరప్‌లో ఇలాంటి విద్యకు విలియమ్ ఛాంపియన్ బ్రిస్టల్‌లో హక్కుపత్రం పొందింది 1738లో. జావర్ కొలుములు అప్పటికే శతాబ్దాలుగా మండుతున్నాయి.

తెలుగు నేల మీద ఇత్తడిని తలుపుకు తొడిగే పనికి పెట్టింది పేరు పెంబర్తి. హైదరాబాదు నుంచి వరంగల్లు పోయే దారిలో, జనగామ పక్కన ఉంటుంది ఆ ఊరు. కాకతీయుల కాలంలో గుళ్ళకూ రథాలకూ ఇత్తడి రేకు తొడిగిన విశ్వకర్మల పని తమకు వారసత్వంగా వచ్చిందని అక్కడివారు చెబుతారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక పోషించేవారు లేక కుంటుపడ్డ ఆ పని నిజాముల కాలంలో మళ్ళీ లేచింది. అప్పుడు అడిగేవాళ్ళు మారారు కాబట్టి చేసే వస్తువులూ మారాయి. పాన్‌దాన్లు, అత్తరుదాన్లు వచ్చాయి. నేడు మళ్ళీ గుళ్ళ పనే ఎక్కువ: ధ్వజస్తంభం తొడుగులు, వాహనాలు, మకరతోరణాలు, గర్భగుడి తలుపులు.

పెంబర్తి పనిలో ఒక మెట్టు దగ్గరగా చూడదగినది. రేకును ముందు కాల్చి చల్లారుస్తారు. కాల్చని రేకు సుత్తి దెబ్బకు బిగుసుకుని పగులుతుంది. తర్వాత కాగిన లక్క ముద్దను పరిచి దాని మీద రేకును అతికిస్తారు. చల్లారిన లక్క రేకును కదలనివ్వదు, అయినా దెబ్బకు కాస్త లొంగుతుంది. ఆ లొంగుబాటు మీదే ఈ పనంతా నడుస్తుంది. రకరకాల మొనలున్న ఉలులతో వెనకనుంచి కొడుతుంటే ముందువైపు ఆకు, తీగ, ఏనుగు తొండం ఉబికి వస్తాయి. ఆ తర్వాత వేడిచేసి లక్క వదిలించి, రేకు తిప్పి, ముందునుంచి సన్నగీతలు దిద్దుతారు. కొట్టిన కొద్దీ లోహం బిగుస్తుంది కనుక మధ్యమధ్య మళ్ళీ కాల్చాలి. కాల్చే విసుగుకు ఓర్వలేక తొందరపడితే రేకు చీలుతుంది. ఒక్కోసారి ఆ చీలిక వెంటనే బయటపడదు, ఏళ్ళ తర్వాత కనిపిస్తుంది. దాని సంగతి కాసేపట్లో.

గుడి తలుపుకు తొడిగింది రేకు. ఇంటి తలుపుకు వాడింది ఎక్కువగా పోతపని. గొళ్ళెం, దాని కొక్కెం, గొలుసు, బందులు, పిడి, రెక్క మీది గుబ్బలు, పై కమ్మీ మీది గజలక్ష్మి. ఇసుక అచ్చులో పోసి, ఆకురాయితో రాసి, సానబట్టి ఇచ్చేవాడు కంచరి. వడ్రంగి ద్వారబంధం నిలబెట్టే నాటికి ఆ సామాను సిద్ధంగా ఉండాలి. శ్రీకాకుళం జిల్లా బుడితి, గోదావరి జిల్లాల్లోని అజ్జరం ఇత్తడి పనికి పేరుపడ్డ ఊళ్ళు. బిందెలు, గంగాళాలు, గంటలు వాళ్ళ పేరు నిలబెట్టాయి.

పందొమ్మిదో శతాబ్దంలో ఇత్తడి సామాను ఓడల్లో కూడా దిగడం మొదలైంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ అప్పటికి ఇత్తడి సామానుకు రాజధాని లాంటిది. పిడులు, బందులు, తాళాలు, బోల్టులు బొమ్మల పట్టీలతో సహా అక్కడినుంచి ప్రపంచమంతా పోయేవి. వలస పాలన కట్టుకున్న బంగళాల తలుపులకు గుండ్రటి ఇత్తడి పిడి, లోపల దాగి ఉండే తాళం అలా వచ్చాయి. మన గొళ్ళేనికి పైన తాళంకప్ప వేలాడుతూ కనిపించేది. ఈ కొత్త తాళం తలుపు చెక్కలోనే ఒదిగిపోయింది, బయటికి కనిపించేది మెరిసే పిడి, తాళంచెవి దూరే సందు, అంతే.

ఆ పిడి మెరుపు వెనక ఉన్న వస్తువు మన దేశానిదే: లక్క. బర్మింగ్‌హామ్ కార్ఖానాల్లో ఇత్తడి సామానును ఘాటైన ఆమ్లంలో ముంచి తీసి, కడిగి ఆరబెట్టి, వెచ్చగా ఉండగానే సారాయి స్పిరిట్‌లో కరిగించిన లక్కను కుంచెతో పల్చగా పూసేవారు. ఆ పూత గాలిని లోహానికి తగలనిచ్చేది కాదు, అందుకే తోమకపోయినా ఏళ్ళతరబడి బంగారు రంగు నిలిచేది. ఈ పూత పని ఎక్కువగా ఆడవాళ్ళే చేసేవారు. వేడి గదుల్లో, స్పిరిట్ ఆవిరిలో నిలబడి రోజంతా కుంచె తిప్పిన చేతులవి. పెంబర్తిలో రేకును నిలబెట్టిన లక్కే బర్మింగ్‌హామ్‌లో మెరుపును నిలబెట్టింది. 1920ల తర్వాత కృత్రిమమైన సెల్యులోజ్ పూతలు వచ్చి దాని చోటు తీసుకున్నాయి.

పాత సామాను బాగుచేసేవాళ్ళు ఈ తేడా ముందుగా పట్టుకోవాలి. కంచరి చేసి ఇచ్చిన గొళ్ళెం తోమడం కోసమే పుట్టింది. ఓడలో వచ్చిన పిడిని తోమకుండా ఉండటం కోసం తయారు చేశారు. రెండింటికీ ఒకే మందు వాడితే ఒకటి పాడవుతుంది. దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక మూల రుద్దితే తెలిసిపోతుంది: జిగురుగా గోధుమరంగు దిగిందంటే లక్క పూత ఉన్నట్టే. దాన్ని స్పిరిట్‌తోనే మెత్తగా దించాలి, గీకకూడదు.

ఇక తోమే పని. తెలుగింటి పెరట్లో దీనికి వాడిన సరుకంతా వంటింటిదే, పొయ్యిదే. చింతపండు తొక్కు, ఉప్పు, పిండేసిన నిమ్మచెక్క, కుంకుడు పులుసు, పొయ్యిలో బూడిద, దంచిన ఇటుక పొడి, రుద్దడానికి కొబ్బరిపీచు. చింతపండు ఊరికే పులుపు కాదు. అందులోని టార్టారిక్ ఆమ్లం లోహం మీది నల్లటి ఆక్సైడ్‌ను కరిగిస్తుంది. ఉప్పు ఆ పనిని తొందరపెడుతుంది. బూడిదలోని క్షారం జిడ్డును వదిలిస్తుంది. ఈ మూడింటి వల్లా లోహానికి నష్టం కొద్దిపాటిదే.

ఇటుక పొడి సంగతి వేరు. దానిలో ఇసుక ఉంటుంది, ఇసుక ఇత్తడి కంటే ఎంతో గట్టిది. ఇటుక పొడితో రుద్దినప్పుడు వచ్చే మెరుపు చిలుము కరిగి వచ్చింది కాదు, లోహపు పై పొర గీరుకుపోయి వచ్చింది. బిందెకు అదేమంత లెక్కలోది కాదు. తలుపు మీది బొమ్మకు లెక్కే. పాత గుమ్మాల మీద గజలక్ష్మిని దగ్గరగా చూస్తే ఏనుగుల చెవులు, వెనకవైపు కమలపు రేకులు ఇప్పటికీ పదునుగా ఉంటాయి, అమ్మవారి ముక్కూ చెక్కిళ్ళూ మాత్రం నున్నగా చదునైపోయి ఉంటాయి. చెయ్యి అందిన చోట, భక్తి ఎక్కువైన చోట లోహం ముందుగా అరిగింది. దాన్ని పాడు చేశారనడం అన్యాయం. ఆ అరుగుదల ఆ ఇంటి ఆడవాళ్ళ శ్రమకు మిగిలిన ఒకే ఒక్క గుర్తు. వాళ్ళ పేర్లు ఏ దస్తావేజులోనూ ఉండవు.

చింతపండుకూ హద్దుంది. నల్లగా ఉంది కదా అని రాత్రంతా పులుపులో నానబెడితే పొద్దుటికి గొళ్ళెం పసుపుపచ్చగా కాక గులాబి రంగులో తేలుతుంది. పై పొరలోంచి తుత్తునాగం కరిగిపోయి రాగి మిగలడం వల్ల, కరిగిన రాగి మళ్ళీ పైన పేరుకోవడం వల్ల వచ్చే రంగు అది. నిమిషాల్లో జరగాల్సిన పనిని గంటలకు వదిలేయకూడదనే జాగ్రత్త మన ఇళ్ళలో రసాయనశాస్త్రం చదవకుండానే ఉండేది. పులిమి, రుద్ది, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో పెట్టేవారు.

ఇరవయ్యో శతాబ్దంలో డబ్బా ద్రావకాలు వచ్చాయి. ఇంగ్లండులో హల్ నగరానికి చెందిన రెకిట్ అండ్ సన్స్ 1905 ప్రాంతంలో బ్రాసో తెచ్చింది. మెత్తటి రాపిడి పొడి, కిరోసిన్ జాతి నూనె, అమ్మోనియా దాని సరుకు. సైనికుల బొత్తాల నుంచి రైలు పెట్టెల కమ్మీల దాకా ఆ వాసన పాకింది. తర్వాత మన దేశంలోనే తయారైన పీతాంబరి పొడి ఇళ్ళలో చింతపండు చోటును చాలావరకు తీసుకుంది.

అమ్మోనియా విషయంలో ఇత్తడికి ఒక చేదు అనుభవం ఉంది, అది మన దేశపు వానాకాలంలోనే జరిగింది. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ ఇండియా సైన్యం తూటాలకు ఇత్తడి తొడుగులు వాడేది. వానాకాలంలో గుర్రపు శాలల్లో దాచిన తూటాలను ఎండాకాలం బయటికి తీస్తే కొన్నిటి తొడుగులు వాటంతటవే పగిలి ఉండేవి. ఎవరూ కొట్టలేదు, కాల్చలేదు. ఋతువుతో వచ్చే పగులని పేరు పెట్టి ఊరుకున్నారు. 1921లో గానీ కారణం తేలలేదు. గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియా, గాలిలో తడి, తొడుగును సాగదీసి చేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి దాన్ని చీల్చాయి. ఆ బిగువు పోయేలా ఒకసారి వేడిచేసి చల్లారిస్తే పగుళ్ళు ఆగాయి.

పెంబర్తి పనివాడు మధ్యమధ్య రేకును కాల్చడం ఎంత విలువైన అలవాటో ఇక్కడ తెలుస్తుంది. చివరి దెబ్బల బిగువు పూర్తిగా పోని పల్చటి రేకు తొడుగులకు అమ్మోనియా ఉన్న ద్రావకం పూసి, నగిషీ సందుల్లో వదిలేయడం ప్రమాదం. సందుల్లో తెల్లగా గట్టిపడి కనిపించేది ఆ ద్రావకపు మడ్డే. మందంగా పోతపోసిన గొళ్ళేనికి అంత భయం లేదు, అయినా వాడాక సబ్బునీళ్ళతో కడిగెయ్యడం మంచిది.

స్టెయిన్‌లెస్ స్టీలూ అల్యూమినియమూ వచ్చాక కథ వేగంగా నడిచింది. స్టీలు సామాన్లవాళ్ళు వీధుల్లోకి వచ్చి పాత ఇత్తడి తూకానికి తీసుకుని కొత్త గిన్నెలు ఇచ్చారు. బిందెలు పోయాయి, తర్వాత గంగాళాలు పోయాయి. మండువా ఇళ్ళు పడగొట్టినప్పుడు తలుపులు ఒకచోటికీ వాటి ఇత్తడి మరొకచోటికీ పోయింది. కొత్త తలుపులకు అల్యూమినియం టవర్ బోల్టు, స్టీలు ఆల్డ్రాప్ వచ్చాయి. అవి తోమక్కర్లేదు. ఇంటి చాకిరీలో నలిగిన ఆడవాళ్ళకు అది చిన్న ఊరట కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు.

అయితే ఆ మార్పులో పోయింది అందమొక్కటే కాదు. 1983లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, ఎరీ నగరపు ఆసుపత్రిలో పనిచేసే ఫిలిస్ కూన్ తలుపు పిడుల మీది సూక్ష్మజీవులను పరీక్షించి ఒక వ్యాసం రాశారు. చూడటానికి శుభ్రంగా మెరిసే స్టీలు పిడుల మీద సూక్ష్మజీవులు దట్టంగా పెరిగాయి. మాసి కనిపించే ఇత్తడి పిడుల మీద బాగా తక్కువ. ఆమె లోహపు ముక్కల మీద సూక్ష్మజీవులను వేసి చూస్తే ఇత్తడి ఏడు గంటల్లోపు తనను తాను శుద్ధి చేసుకుంది, అప్పుడే తోమిన ఇత్తడికి ఒక గంట చాలింది. స్టీలు మీద అవి వారాలపాటు బతికాయి. ఇత్తడిలోని రాగి చేసే పని ఇది. 2008లో అమెరికా పర్యావరణ సంస్థ రాగి, దాని మిశ్రమ లోహాలను సూక్ష్మజీవులను చంపే ఉపరితలాలుగా నమోదు చేసింది. పైన పూత ఉంటే ఈ గుణం పనిచెయ్యదు. లక్కైనా, వార్నిషైనా, ఎనామిల్ రంగైనా చేతికీ లోహానికీ మధ్య అడ్డమే.

ఇంట్లో పాత గొళ్ళెం బాగుచేసుకునేవారు ఇవన్నీ గుర్తు పెట్టుకుంటే చెయ్యాల్సిన పని చిన్నదే. ముందు దాన్ని తలుపు నుంచి విప్పాలి. మరమేకుల గాట్లలో నిండిన రంగును సూదితో తవ్వి తీశాకే స్క్రూడ్రైవర్ పెట్టాలి. లేకపోతే మెత్తటి ఇత్తడి మరమేకు తల చితికిపోతుంది. ఏ మేకు ఏ రంధ్రంలోదో అట్ట మీద గుచ్చి పెట్టుకోవడం మంచిది, పాతకాలపు మేకులన్నీ ఒక్క కొలతవి కావు.

రంగును ఉప్పుకాగితంతో గీకడం వద్దే వద్దు. పాత ఎనామిళ్ళలో సీసం ఉండేది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90కి మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. పొడిగా గీకితే ఆ ధూళి పిల్లలు తిరిగే ఇంట్లోనే పడుతుంది. వంటకు పనికిరాని స్టీలు గిన్నెలో నీళ్ళు, వాషింగ్ సోడా వేసి గొళ్ళేన్ని సన్నటి సెగ మీద కాగనిస్తే రంగు పొరలు పొరలుగా ఊడి వస్తుంది. అల్యూమినియం గిన్నె వాడకూడదు, సోడా దాన్ని తినేస్తుంది. ఆ స్టీలు గిన్నెను మళ్ళీ వంటింట్లోకి తేకూడదు.

తర్వాత చింతపండు, ఉప్పు, మెత్తటి గుడ్డ. సందులకు పాత పళ్ళ కుంచె. అయిదు నిమిషాల్లో వచ్చినంత మెరుపు చాలు. ఇంకా నలుపు మిగిలితే కడిగి ఇంకోసారి పులమాలి, నానబెట్టకూడదు. నగిషీ లోతుల్లో నలుపు కాస్త ఉండనివ్వాలి. అది ఉంటేనే గీతలు కనిపిస్తాయి. మోటారు చక్రం మీద సానబట్టించి అద్దంలా చేయించడం ఈమధ్య పరిపాటి అయింది. వందేళ్ళ చేతి అరుగుదలనూ కంచరి ఆకురాయి జాడలనూ ఆ చక్రం ఒక్క పూటలో తుడిచేస్తుంది. కొత్త సామానులా మెరవాలంటే కొత్తదే కొనుక్కోవచ్చు, పాతదాన్ని అలా చెయ్యడం నష్టమే.

చేతులు పడే గొళ్ళేనికీ పిడికీ ఏ పూతా వద్దు, పండక్కి ఒకసారి తోమితే సరిపోతుంది. అందని ఎత్తులో ఉన్న గజలక్ష్మికి, రేకు తొడుగులకు మాత్రం కరిగించిన తేనెమైనం పల్చగా రాసి గుడ్డతో రుద్దితే ఏడాది పాటు గాలి తగలదు. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో ఇంకాస్త త్వరగా మళ్ళీ రాసుకోవాలి.

బిగించేటప్పుడు ముందు అదే కొలత ఇనుప మరమేకును రంధ్రంలో తిప్పి తీసి, దారి పడ్డాక, ఇత్తడి మేకుకు కాస్త సబ్బు రాసి తిప్పాలి. టేకు చెక్కలోకి ఇత్తడి మేకును నేరుగా బలవంతంగా దింపితే మధ్యలోనే తెగుతుంది. జతలో ఒక పిడి పోయి ఉంటే దొరికిన రెండోదాన్నే నమూనాగా ఇచ్చి ఇసుక అచ్చులో పోయించుకోవచ్చు. ఆ పని తెలిసినవాళ్ళు బుడితి, అజ్జరం లాంటి ఊళ్ళలో ఇంకా ఉన్నారు. చల్లారేటప్పుడు ఇత్తడి నూటికి ఒకటిన్నర రెండు వంతులు కుదించుకుంటుంది కాబట్టి, నమూనా మీద మైనం పొర పెట్టి అచ్చు తీయమని ముందే చెప్పాలి. లేకపోతే కొత్త పిడి పాతదానికన్నా పిసరంత చిన్నదై, తలుపు మీది పాత రంధ్రాలకు కుదరదు.